బిస్కెట్ డబ్బాలో మలేరి పన్ను

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన కథ ఇది. ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది, ముందు ఇది చదవండి.

మొన్న శనివారం పొద్దున హౌగాంగ్‌లో మా బ్లాకు కింద, వాయిడ్ డెక్‌లోని రాతి బల్ల మీద, పక్క బ్లాకు చెల్లెలు ఒక బిస్కెట్ డబ్బా తెరిచింది. కాగితాల్లో చుట్టిన పదకొండు రాళ్ళు. "అన్నా, మా బాపు ఏరిండు. శిలాజాలేనా, ఉత్త రాళ్ళా? జర సూడు." వాళ్ళ నాన్నగారు ఆసిఫాబాద్ వైపు బడిపంతులు. నిరుడు పోయారు. ఊళ్ళో ఇల్లు అమ్మేశాక ఈ డబ్బా ఒక్కటే ఆమె వెంట ఇంత దూరం వచ్చింది.

నేను చరిత్ర చెప్పేవాణ్ణే కానీ భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి కాను. కానీ ఆసిఫాబాద్ పేరు వినగానే ఆగలేకపోయాను. ఎనిమిది మామూలు రాళ్ళే, వాగులో దొర్లి నునుపెక్కినవి. రెండు పొట్టిగా, మెలి తిరిగి ఉన్నాయి. అవి జంతువుల పేడ రాయిగా మారినవి కావచ్చు, మలేరి నేలల్లో అలాంటివి బాగానే దొరుకుతాయి. (ఆ మాట చెప్పగానే చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది.) పదకొండోది మాత్రం నల్లగా, మెరుస్తూ, ఒక వైపు విసనకర్ర మడతల్లాంటి గట్లతో ఉంది.

దాన్ని చూడగానే నాకు స్టీఫెన్ హిస్లాప్ గుర్తొచ్చాడు. స్కాట్లండ్ నుంచి 1845లో నాగపూర్ వచ్చిన మతప్రచారకుడు. రాళ్ళు ఏరడం ఆయన ఉద్యోగం కాదు, పిచ్చి. అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న మలేరి అనే ఊరి దగ్గర దొరికిన ఇలాంటి గట్ల పళ్ళు ఆయన ద్వారానే పండితుల చేతికి వెళ్ళాయి. జియలాజికల్ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వాటిని పరిశీలించి 1859లో సెరటోడస్ హిస్లోపియానస్ అని పేరు పెట్టాడు. అలా హిస్లాప్ పేరు ఒక చేపకు తగులుకుంది.

ఆ చేప ఎలా ఉంటుందో మాత్రం అప్పటికి ఎవరూ చూడలేదు. యూరప్‌లో లూయీ అగాసీ ఆ జాతికి పేరు పెట్టింది కూడా ఉత్త పళ్ళను చూసే. 1870లో సిడ్నీ మ్యూజియంలో పనిచేసే గెరార్డ్ క్రెఫ్ట్ దగ్గరికి క్వీన్స్‌లాండ్ నది చేప ఒకటి వచ్చింది. అక్కడి వలసదారులు దాన్ని సాల్మన్ అని పిలుచుకుంటూ కూర వండుకు తినేవాళ్ళు. క్రెఫ్ట్ నోరు తెరిచి చూస్తే అవే గట్ల పళ్ళు! గాలి కూడా పీల్చగల ఊపిరితిత్తుల చేప. శాస్త్రం రాళ్ళలో వెతికిన దాని చుట్టం జనం కంచంలో ఉంది.

మరి పన్నును గుర్తుపడితే పని అయిపోయినట్టేనా? కాదు, అసలు తిప్పలు అక్కడే మొదలు. ప్రాణహిత ఒడ్డున కోటా అనే ఊళ్ళో సున్నపురాయిలో ఇంకో రకం చేపలు దొరికాయి. వాటి గురించి 1851లోనే లండన్‌లో సైక్స్, ఎగర్టన్ రాశారు. రెండు ఊళ్ళ రాళ్ళనూ కలిపేసి చాలాకాలం "కోటా-మలేరి" అని ఒకే పేరుతో పిలిచారు. ఏ జీవి ఏ పొరలోదో విడదీశాక తేలింది ఏమిటంటే మలేరి ట్రయాసిక్‌ది, అంటే 20 కోట్ల ఏళ్ళ పైమాట, కోటా దాని తర్వాత వచ్చిన జురాసిక్‌ది. ఏది ఎక్కడ దొరికిందో రాసి ఉండబట్టే ఆ ముడి విప్పగలిగారు.

అందుకే చెల్లెల్ని అడిగాను, "ఇది ఎక్కడ దొరికిందో బాపు రాశారా?" అని. ఆ రాయి చుట్టిన కాగితం విప్పితే పెన్సిల్‌తో రెండే మాటలు: "వాగు ఒడ్డున". ఏ వాగు? ఆదిలాబాద్‌లో వాగులకు కరువా!

రేపు ఎవరికైనా ఈ డబ్బా హౌగాంగ్‌లో దొరికితే ఇక్కడిదే అనుకోవచ్చు. సింగపూర్ ట్రయాసిక్ శిలాజాలు పడమటి జురాంగ్ వైపు రాళ్ళవి. మన తూర్పు వైపు ఎక్కువగా పాత నదులు తెచ్చిపోసిన ఇసుక, బంకమన్నే. అంత తెలిసినవాడు కూడా పప్పులో కాలేస్తాడు.

చెల్లెలు అప్పటికప్పుడు ఊరికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో వాళ్ళ పెదబాపు. "అన్నీ ఏరుకచ్చేటోడు బిడ్డా" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండు వాగుల పేర్లు చెప్పాడు, వాళ్ళ తమ్ముడు సెలవుల్లో పొద్దున్నే నడిచేది ఆ రెంటి వెంటేనట. పన్ను అనేది నా ఊహ మాత్రమే, తెలిసినవాళ్ళు చూడాలి అన్నాను. రెండు పేర్లూ చీటీ మీద రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, పాత కాగితం పారేయకుండా రాయితోపాటే చుట్టమన్నాను.