ఫైలు కవర్లో మన చరిత్ర

అన్నలూ, అక్కలూ, ముఖ్యంగా ఈ ఏడు యూనివర్సిటీలో అడుగు పెట్టబోతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. ఓపిక చేసుకొని చదవండి.

ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ దిక్కు నుంచి వచ్చే బస్సు ఎల్‌బీ నగర్‌లో ఆగగానే మనోళ్లను గుర్తుపట్టుడు తేలిక. ఒక చేతిలో బట్టల బ్యాగు, ఇంకో చేతిలో పచ్చడి డబ్బా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. బ్యాగు పోయినా సరే గానీ ఫైలు పోవద్దని అమ్మ పదిసార్లు చెప్పి పంపుతది. నేనూ అట్లనే దిగిన. దిల్‌సుఖ్‌నగర్‌లో ముగ్గురితో కలిసి హాస్టల్ గది తీసుకున్న. తీరా సర్టిఫికెట్లు చూసే రోజు తెలిసింది, ఏడో తరగతి బోనఫైడ్ లేదని. ఆ ఒక్క సంవత్సరం నేను వేరే బడిలో చదివిన. రాత్రి బస్సుకు ఊరికి పోతే వేసవి సెలవులు, బడికి తాళం. ఆ తాళం ముందర నిలబడే మొదటిసారి అనుకున్న: ఈ కాగితం ఎందుకు అడుగుతున్నరు, ఎప్పటి నుంచి అడుగుతున్నరు?

దాని వెనక రెండు ఉద్యమాలు ఉన్నాయి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర. వాటి తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని కోసమే రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతంలో 85 శాతం సీట్లు స్థానికులకే కేటాయించారు. స్థానికుడు ఎవరు? అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడ చదివినవాడు. అది కుదరకపోతే ఏడేళ్ల లెక్క చూస్తారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోనఫైడ్లు అడిగేది ఇందుకే. ఒకే ఊర్లో, ఒకే బడిలో చదివిన పిల్లవానికి ఇది ఒక్క కాగితంతో అయిపోతది. ఆశ్రమ పాఠశాల నుంచి గురుకులానికి, అక్కడి నుంచి ఇంకో మండలంలో జూనియర్ కాలేజీకి తిరిగిన మనకు మూడు నాలుగు ఆఫీసుల పని. ఉత్తర్వు రాసినప్పుడు మన తిరుగుడు ఎవరి మనసులోనూ ఉన్నట్టు లేదు.

కుల సర్టిఫికెట్ కథ ఇంకా పాతది. 1950 సెప్టెంబర్‌లో షెడ్యూల్డు తెగల ఉత్తర్వు వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం కింద గోండు, కోయ, కొలాం, చెంచు, ప్రధాన్, తోటి లాంటి కొద్ది పేర్లే ఉన్నాయి. లంబాడాలు ఆంధ్ర ప్రాంతంలో ఎస్టీలు, తెలంగాణలో కారు. 1976 సవరణ చట్టం ఆ ప్రాంతపు గీత తీసేసింది. అది 1977 జూలై 27 నుంచి అమల్లోకి వచ్చింది. (దీని మీద మనలో మనకున్న వాదన నాకు తెలుసు. ఈ పోస్టు దానికోసం కాదు, కామెంట్లలో మొదలుపెట్టకండి.) అంటే తెలంగాణ తండాల్లో ఎస్టీ సర్టిఫికెట్‌తో కాలేజీకి పోయిన మొదటి తరం ఇంకా మన ఇళ్లల్లోనే ఉంది. అడగండి, చెప్తారు.

సర్టిఫికెట్ విలువ పెరగగానే దొంగ సర్టిఫికెట్లు కూడా వచ్చినయ్. మన సమైక్య రాష్ట్రం 1993లో కుల ధ్రువపత్రాల చట్టం చేసింది. నిరూపించుకునే భారం పత్రం పట్టుకున్నవాళ్ల మీదే పెట్టింది. 1994లో సుప్రీంకోర్టు, మహారాష్ట్రలో మహదేవ్ కోలీ తెగ పేరు చెప్పి మెడికల్ సీటు తీసుకున్న కేసులో, పరిశీలనా కమిటీలు ఎట్లా పనిచేయాలో చెప్పింది. ఎవరో మన సీటు కాజేయకుండా పెట్టిన కాపలా ఇది. కానీ ఆ కాపలా ముందర మనమే ఎక్కువసేపు నిలబడుతున్నం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు బానోతు, ఆధార్‌లో బానోత్. ఇంగ్లీషులో చివర 'యు' ఒకచోట ఉంటది, ఇంకోచోట ఉండదు. బడిలో చేర్పించిన రోజు సారు చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసిండు.

ఇవేవీ లేని కాలం బాగుండెనా అంటే, అదీ కాదు. ఉస్మానియాలో 1919లోనే ఉర్దూలో పాఠాలు మొదలైనయ్, దేశభాషలో ఉన్నత చదువు అని గొప్పగా చెప్పుకున్నారు. అదే రాజ్యంలో గోండు పిల్లలకు గోండిలో చదువు చెప్పే పంతుళ్ల కోసం మార్లవాయిలో శిక్షణ కేంద్రం 1943లో గానీ రాలేదు. అది కూడా 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన తర్వాత, హైమండార్ఫ్ పూనుకుంటే వచ్చింది. ఆయనే తర్వాత ఉస్మానియాలో ఆంత్రపాలజీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. మార్లవాయికీ ఆర్ట్స్ కాలేజీకీ మధ్య దారి అట్లా ఒక మనిషి రూపంలో పడింది. మన పిల్లలు ఆ దారిలో నడవడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

ఇక మీ సంగతి. బడులు తెరిచేది జూన్ 12. ఆ వారంలోనే పోయి, చదివిన ప్రతి బడి నుంచి బోనఫైడ్ తెచ్చుకోండి. మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, కుల సర్టిఫికెట్ నాలుగూ ఒక దగ్గర పరిచి పేరు అక్షరం అక్షరం కలిపి చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి, మెమో మార్పించుడు చాలా కష్టం. ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో ఇప్పుడే పెట్టండి, చివరి వారంలో రద్దీ ఉంటది. ఒరిజినళ్లు ఎవరి చేతికి ఇచ్చినా రసీదు తీసుకోండి, జిరాక్సులు రెండు సెట్లు ఇంట్లో ఉంచండి.

ఎల్‌బీ నగర్‌లో దిగే రోజు, టైము ఇక్కడ రాయండి. ఆ దిక్కు ఉన్నోళ్లం ఎవరో ఒకరం వస్తం.