మా ఇంటి పొగగొట్టం చెప్పిన చరిత్ర

సంక్రాంతి సంచికకు భోగి మంట మీద వ్యాసం రాస్తానని సంపాదకులకు మాట ఇచ్చాను. తీరా రాయడానికి కూర్చుంటే కలం వేరే మంట మీదికి పోయింది. కిందటి శీతాకాలం లీడ్స్‌లోని మా ఇంటి ముందుగదిలో పెట్టించిన గ్యాసు ఫైర్‌ప్లేస్ మంట అది. సంపాదకులు మన్నించాలి.

మాది 1890ల నాటి ఎర్ర ఇటుకల వరస ఇళ్ళలో ఒకటి. 1983లో కొన్నాం. కొన్న వారంలోనే నేను చేసిన మొదటి పని, ముందుగదిలో ఉన్న గ్యాసు ఫైర్‌కి కనెక్షను తీయించి దాని ముందు చెక్క పలక కొట్టించడం. "చలిదేశంలో ఇల్లు కొని పొయ్యి మూసేవాళ్ళుంటారా?" అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. నా కారణం నాకుంది, అది ముందు ముందు చెబుతాను. నలభై ఏళ్ళు ఆ పలక ముందు టీవీ ఉండేది. దసరాకు టీవీ జరిపి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం. కిందటేడు మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు బాగా ముదిరాయి. "రేడియేటరు ఉంటే ఉందిలెండి, ఎదురుగా మంట కనపడితే ఆ వెచ్చదనమే వేరు" అని పట్టుబట్టింది. "లోకమంతా హీట్ పంపులంటుంటే ఇప్పుడు గ్యాసేమిటి నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ మా ఇంట్లో వాళ్ళమ్మ మాటే చెల్లింది.

గ్యాసు ఫిట్టరు వచ్చి పలక ఊడదీశాడు. లోపల 1970ల నాటి పాత ఫైర్ అలాగే ఉంది. చెక్కలా కనిపించే రేకు పెట్టె, దాని మధ్యలో నిలువుగా పింగాణీ పలకలు. మనలో 1970లలో వచ్చినవాళ్ళందరికీ అది పాత చుట్టమే. మీటరులో చిల్లర నాణేలు వేస్తేనే వెలిగే అద్దె గదుల్లో, దాని ముందు తడి బట్టలు ఆరేసుకుని, ఇంటికి ఉత్తరాలు రాసుకున్నవాళ్ళం.

ఆ పెట్టె వెనక పెద్ద కథే ఉంది. అంతకు ముందు ఈ దేశంలో వాడిన గ్యాసు భూమిలోంచి వచ్చింది కాదు. రాక్షసి బొగ్గును గాలి తగలకుండా కాల్చి తయారు చేసేవారు. విలియం మర్డాక్ 1792లో కార్న్‌వాల్‌లోని రెడ్రూత్‌లో తన ఇంట్లో ఆ గ్యాసుతో దీపం వెలిగించాడు. వందేళ్ళు అది దీపాల గ్యాసే. కరెంటు దీపాలు రావడంతో వ్యాపారం పోతుందని భయపడ్డ గ్యాసు కంపెనీలు వంటకూ, వెచ్చదనానికీ దాన్ని అమ్మడం మొదలుపెట్టాయి. 1965లో ఉత్తర సముద్రం అడుగున సహజవాయువు దొరికింది. దాన్ని కనుగొన్న 'సీ జెమ్' అనే సముద్రపు వేదిక ఆ డిసెంబరు 27న కూలిపోయి 13 మంది చనిపోయారు. 1967లో ఆ గ్యాసు మా యార్క్‌షైర్ తీరంలోని ఈసింగ్టన్ దగ్గర ఒడ్డుకు చేరింది. పాత గ్యాసుకంటే దీనికి వేడి రెట్టింపు కాబట్టి పాత బర్నర్లు పనికిరావు. 1967 నుంచి 1977 వరకు పదేళ్ళపాటు వీధి వీధికీ, ఇంటింటికీ మనుషులు వెళ్ళి, కోటీ ముప్పై లక్షల మందికి పైగా వినియోగదారుల పొయ్యిలూ, ఫైర్లూ మార్చారు. యుద్ధం లేని రోజుల్లో ఒక దేశం ఇంటింటికీ వెళ్ళి చేసిన పనుల్లో ఇంత పెద్దవి అరుదని నా అభిప్రాయం.

పాత బొగ్గు గ్యాసులోనే కార్బన్ మోనాక్సైడ్ ఉండేది. అది లీకైతే చాలు, మనిషి ప్రాణం పోయేది. సహజవాయువులో ఆ విషం లేదు. దానితో ఇక భయం లేదనుకున్నారు జనం. నేనూ అలాగే అనుకున్నాను.

ఇక నా కారణం చెబుతాను. 1976 చలికాలం. మా పెద్దమ్మాయికి ఏడు నెలలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. రోజూ సాయంత్రం మా ఆవిడకు తలనొప్పి, వికారం. పాప పాలు తాగకుండా మగతగా పడుకునేది. ఫ్లూ అనుకున్నాం. నేను ఆసుపత్రికి వెళ్తే తలనొప్పి పోయేది, ఇంటికొస్తే మళ్ళీ మొదలయ్యేది. వైద్యుణ్ణయి ఉండి కూడా ఆ తేడా నాకు తట్టలేదని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఒకరోజు పక్కింటి ముసలమ్మ కేకు పట్టుకొచ్చింది. గదిలోకి వస్తూనే మంట వైపు చూసి, "ఆ మంట పచ్చగా ఉందేం? నీలంగా కదా ఉండాలి" అంది. ఫైర్ పైన గోడకు గోధుమరంగు మరక కూడా ఆవిడే చూపించింది. మా సమాధానం కోసం ఆగకుండా మంట ఆర్పి, కిటికీలన్నీ తెరిచి, పాపను ఎత్తుకుని బయటికి నడిచింది. గ్యాసు బోర్డు మనిషి వచ్చి చూస్తే పొగగొట్టం నిండా పక్షి గూడు పుల్లలు. పోవలసిన గాలి పైకి పోక గదిలోకే తిరిగి వస్తోంది. గాలి చాలక గ్యాసు సరిగా కాలకపోతే, విషం లేని ఆ సహజవాయువే విషాన్ని పుట్టిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ మన రక్తానికి ఆక్సిజన్‌కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఇంటి యజమాని పొగగొట్టం ఎప్పుడు శుభ్రం చేయించాడో అతనికే గుర్తులేదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకూడదని మా నాయనమ్మ చెబుతూనే ఉండేది. ఇంగ్లండులో కుంపటి ఎక్కడుంది అనుకున్నాను.

మా పెద్దమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ ముసలమ్మ ఎప్పుడో కాలం చేసింది.

పాత ఫైర్‌ను ఫిట్టరు పక్కన పెట్టాక దాని వెనక లేత గోధుమరంగు పలకలు పొదిగిన బొగ్గు పొయ్యి బయటపడింది. రెండు యుద్ధాల మధ్య కాలంలో ఇక్కడ ఇంటింటా పెట్టుకున్న రకం. దాన్ని చూడగానే నాకు 1952 గుర్తొచ్చింది. నేను చూడలేదు కానీ, నేను వచ్చిన కొత్తలో పెద్ద డాక్టర్లు దాని గురించి చెప్పేవారు. ఆ డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్ మీద గాలి కదల్లేదు. లక్షల పొయ్యిల పొగ, కరెంటు కేంద్రాల పొగ మంచుతో కలిసి నగరం మీదే నిలిచిపోయింది. మంచి బొగ్గు ఎగుమతికి పోయి, ఇళ్ళకు నాసిరకం పొడి బొగ్గు మిగిలిన రోజులవి. సాడ్లర్స్ వెల్స్ థియేటరులోకి పొగ జొరబడి వేదిక కనపడక ఒపేరా ప్రదర్శన ఆపేశారు. నాలుగు వేల మంది చనిపోయారని మొదట లెక్క వేశారు, తరువాతి పరిశోధకులు పన్నెండు వేల దాకా అన్నారు. పోయినవాళ్ళలో పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఎక్కువ. 1956లో శుభ్రమైన గాలి చట్టం వచ్చింది. పొగ నిషేధించిన ప్రాంతాల్లో బొగ్గు పొయ్యి మార్చుకునేవారికి ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వపు సొమ్ము నుంచే ఇచ్చారు. బొగ్గు పొయ్యి ముందు గ్యాసు పెట్టె వచ్చి కూర్చోవడానికి మూలం అక్కడుంది. మా ఇంట్లో ఆ పెట్టె బిగించినవాడు వెనక ఉన్నదాన్ని తీయకుండా కప్పేశాడంతే.

ఇంగ్లండులో ఇళ్ళకు మామూలు బొగ్గు అమ్మకం 2023 నాటికి పూర్తిగా ఆగిపోయింది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కరెంటు కేంద్రం కూడా మూతపడింది.

పలకలు ఊడదీస్తే వాటి వెనక పోత ఇనప చట్రం, అంటే ఇల్లు కట్టినప్పటిది. నోరు చిన్నది, లోతు తక్కువ, పక్క గోడలు ఏటవాలు. ఈ రూపానికి ఆద్యుడు కౌంట్ రంఫర్డ్. 1796లో ఆయన పొయ్యిల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. పాత పొయ్యిలు గుహల్లా ఉండి వేడినంతా ఆకాశానికి పంపేవి. గొంతు సన్నం చేసి, పక్కలు వాలుగా కడితే పొగ పైకి లాగుతుంది, వేడి గదిలోకి వస్తుందని ఆయన చూపించాడు. అయినా బొగ్గు మంట వేడిలో ముప్పాతిక వంతు పైకే పోయేది.

గొట్టాలు సన్నబడినకొద్దీ మసి తీయడం కష్టమైంది. అందుకు పిల్లల్ని ఎక్కించారు. ఐదారేళ్ళ పిల్లలు మోకాళ్ళూ మోచేతులూ గీరుకుంటూ తొమ్మిదంగుళాల గొట్టాల్లో పైకి పాకేవారు. 1788లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు కూడదని చట్టం వచ్చింది. 1840లో ఇరవై ఒక్కేళ్ళ లోపు ఎవరూ ఎక్కకూడదన్నారు. ఎవరూ లెక్కచెయ్యలేదు. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి పొగగొట్టంలో పదకొండేళ్ళ జార్జి బ్రూస్టర్ ఇరుక్కుని చనిపోయాడు. ఆ ఏడే లార్డ్ షాఫ్ట్స్‌బరీ పట్టుబట్టి లైసెన్సుల చట్టం తెచ్చాక ఆ ఘోరం ఆగింది. చట్టాలు మొదలైనప్పటి నుంచి అప్పటికి 87 ఏళ్ళు. మా ఇల్లు ఆ తరువాత కట్టింది కనుక మా గొట్టంలోకి పిల్లవాడెవడూ ఎక్కి ఉండడు. ఆ లెక్క వేసుకున్నాక నాకు కొంచెం ఊపిరి తిరిగింది.

ఇక్కడి రాజులు పొయ్యిల మీద పన్ను కూడా వేశారు. 1662లో రెండో చార్లెస్ పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున పెట్టాడు. అధికారులు ఇంట్లోకి వచ్చి లెక్కపెట్టుకునేవారు, జనం ఇటుకలతో పొయ్యిలు మూసేసేవారు. 1689లో అది రద్దయింది. మన ఊళ్ళలో అన్నదమ్ములు విడిపోతే పొయ్యిలు వేరయ్యాయంటాం. ఇక్కడి ప్రభువులకూ ఇంటి లెక్క పొయ్యి దగ్గరే తేలిందన్నమాట.

పొయ్యిలన్నీ తీశాక అసలు పని మొదలైంది. ముందు పొగగొట్టం శుభ్రం చేసే మనిషి వచ్చి రెండు బకెట్ల మసీ, పుల్లలూ దించాడు. ఆ పుల్లలు చూసి నేను బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. ఫిట్టరు పొగ బిళ్ళ వెలిగించి, పొగ మా గొట్టం నుంచే వస్తోందా, పై గదిలోకి ఎక్కడైనా కారుతోందా అని చూశాడు. పైనుంచి కింది దాకా స్టీలు గొట్టం దించాడు. అద్దం వెనక మండే రకం ఫైర్ బిగించాడు. అద్దం లేని అలంకారపు రకాల్లో వేడి చాలావరకు పైకే పోతుంది, ఇందులో ఎక్కువ భాగం గదిలో ఉంటుంది. పని పూర్తయ్యాక తలుపులూ కిటికీలూ మూసి మంట వెలిగించి, కొన్ని నిమిషాల తరువాత పొగ పుల్ల దగ్గర పెట్టి, పొగ లోపలికి లాగుతోందని నాకు చూపించాడు. "ఇంకోసారి చూపించు బాబూ" అన్నాను. విసుక్కోకుండా మళ్ళీ చూపించాడు. అతని దగ్గర గ్యాస్ సేఫ్ రిజిస్టరు కార్డు ఉంది, నేను ముందే అడిగి చూశాను. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాసు పేలి నలుగురు చనిపోయాక, 1970లో ఫిట్టర్ల జాబితా పెట్టారు. 1991 నుంచి అందులో నమోదు తప్పనిసరి. 2009 నుంచి దాని స్థానంలో ఈ రిజిస్టరు నడుస్తోంది. సభ్యుల్లో ఎవరైనా పని చేయిస్తే ఆ కార్డు వెనకవైపు కూడా తిప్పి చూడండి. ఏ ఏ పనులకు అనుమతి ఉందో అక్కడే రాసి ఉంటుంది.

గోడకు కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాను. మా పడకగదిలో ఇంకొకటి. మా ఆవిడ నవ్వింది కానీ వద్దనలేదు.

భోగినాడు పొద్దున్నే లేచి ఆవిడే స్విచ్చి నొక్కింది. అద్దం వెనక పింగాణీ దుంగల మధ్య మంట లేచింది. మా మనవరాలు ముందు కూర్చుని, "అమ్మమ్మా, ఇందులో పాత కుర్చీ వెయ్యొచ్చా?" అని అడిగింది. వెయ్యకూడదని చెప్పి, మా ఊరి భోగి మంట గురించి చెప్పడం మొదలుపెట్టింది ఆవిడ. ఆ ఇనప చట్రం ఇప్పుడు పెరట్లో ఉంది. వేసవిలో దాన్లో పుదీనా వేస్తానంటోంది.