బాసర టు ఆదిలాబాద్ రైలు: మధ్యలో మహారాష్ట్ర ఎందుకు?

మన భైంసాకి రైలు లేదు, దగ్గర స్టేషన్ బాసర. అక్కడ ఆదిలాబాద్ రైలెక్కితే ముద్ఖేడ్ జంక్షన్ దాకా పోయి, కిన్వట్ మీదుగా తిరిగి రావాలి. ఎక్కేది, దిగేది తెలంగాణలోనే, కానీ మధ్యలో చాలా దారి మహారాష్ట్ర!

పట్టాలు వంకర పోయినయా? కాదు, బార్డర్ జరిగింది. సికింద్రాబాద్–మన్మాడ్ లైన్ 1901 నాటికే ఉంది. అప్పుడు బాసర, ముద్ఖేడ్, కిన్వట్ అన్నీ నిజాం రాజ్యమే. భైంసా నాందేడ్ జిల్లాలో, కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడదీస్తే భైంసా ఇటొచ్చింది, ముద్ఖేడ్, కిన్వట్ అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి పోయినయి. పట్టాలు మాత్రం ఉన్నకాడనే ఉన్నయి.

అందుకే 2016లో నిర్మల్ జిల్లా అయ్యేదాకా, కలెక్టరేట్ పనికి మనోళ్లకు నిర్మల్ మీదుగా రోడ్డే దిక్కు.

మీ తాత పుట్టింది ఏ జిల్లాలో? ఇవాళే అడగండి.