బియ్యానికి పట్టిన బూజు, ఫుప్పీ రాత్రి గోలీ

హిందూపురంలో మా ఫుప్పీ దగ్గర ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో శక్కర్ గోలీ, బీపీ గోలీ, రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ గోలీ. మొదటి రెండింటినీ ఠంచనుగా వేసుకుంటుంది. మూడోదానికే నాగా. "ఒంట్లో తక్లీఫ్ ఏమీ లేనప్పుడు ఇదెందుకు బేటా?" అంటుంది. పెనుకొండ బాబయ్య ఉరుసుకి వెళ్ళినా, ధర్మవరంలో షాదీకి వెళ్ళినా మా ఆడవాళ్ళ మధ్య ఇదే బాత్: అది అంగ్రేజీ దవా, కండలు కరిగిస్తుంది.

అంగ్రేజీ అనడమే గలత్. ఈ దవా పుట్టింది జపాన్‌లో. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1971లో సాంక్యో కంపెనీలో ఈ దవా వెతుకులాట మొదలుపెట్టి, ఆరువేలకు పైగా బూజులను పరీక్షించాడు. కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన జిగర్ తయారుచేసేదే. ఆ తయారీని ఆపే పదార్థం ఏదో ఒక బూజులో ఉంటుందని ఆయన అందాజా. 1973లో దొరికింది. క్యోటోలోని ఒక ధాన్యం దుకాణం నుంచి తెచ్చిన బియ్యానికి పట్టిన నీలిపచ్చ బూజు అది. ఈ మాట చెబితే ఫుప్పీ నోరు తెరిచింది: "అల్లా! అలాంటి బియ్యం మేం పారేసేవాళ్ళం కదరా!"

ఎండో దవా బజారుకి రాలేదు. కుక్కల మీద పరీక్షల్లో భయం కలిగి 1980లో కంపెనీ ఆపేసింది. అమెరికాలో మెర్క్ వాళ్ళు ఇంకో బూజు నుంచి తీసిన లోవాస్టాటిన్‌కి 1987లో ఇజాజత్ వచ్చింది. అయినా డాక్టర్లలో చాలామందికి షక్ పోలేదు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది దిల్ మరీజుల మీద చేసిన పరీక్ష ఆ షక్ తీర్చింది. సుమారు అయిదేళ్ళలో ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్ళలో 256 మంది, సిమ్వాస్టాటిన్ వేసుకున్నవాళ్ళలో 182 మంది చనిపోయారు. తక్లీఫ్ లేనప్పుడు ఎందుకన్న ఫుప్పీ సవాల్‌కి జవాబ్ ఆ తేడాలోనే ఉంది. నాళాల్లో కొవ్వు పేరుకుంటుంటే నొప్పి తెలియదు.

కండల భయం పూర్తిగా ఝూట్ కూడా కాదు. 2001 ఆగస్టులో బేయర్ కంపెనీ సెరివాస్టాటిన్‌ని ప్రపంచమంతటా వాపసు తీసుకుంది. కండలు చితికి, ఆ చెత్త గుర్దాలను మూసేసి 52 మంది చనిపోయినట్టు అప్పటికి లెక్క తేలింది. అయితే వాళ్ళలో చాలామంది ఎక్కువ డోసు మీద ఉన్నవాళ్ళు, లేదా జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఇంకో కొవ్వు దవా కలిపి వాడినవాళ్ళు. ఆ గోలీ ఇప్పుడు లేదు. కానీ రెండు దవాలు కలిసినప్పటి ఖతరా ఉంది.

ధర్మవరంలో మా ఖాలూ ఖాంసీకి ఒక యాంటీబయాటిక్ రాయించుకున్నారు. రాత్రి సిమ్వాస్టాటిన్ వేసుకుంటున్నానని ఆయన చెప్పలేదు, అక్కడ ఎవరూ అడగలేదు. నాలుగో రోజుకి తొడలు పట్టేసి మేడమెట్లు ఎక్కలేకపోయారు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి సిమ్వాస్టాటిన్‌ని ఒంట్లోంచి పోనివ్వవు. సమయానికి పట్టుకున్నారు, బచ్‌గయే. తర్వాత డాక్టరే మళ్ళీ మొదలుపెట్టించారు. కండల నొప్పితో పాటు ఒంటేలు టీ డికాషన్ రంగుకి తిరిగితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మామూలు ఒళ్ళునొప్పుల కథ వేరు. తక్లీఫ్ వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి లండన్‌లో కొన్ని నెలలు అసలు గోలీ, కొన్ని నెలలు ఉత్తుత్తి గోలీ, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. అసలు గోలీతో వచ్చిన తక్లీఫ్‌లో 90 శాతం ఉత్తుత్తి గోలీతోనూ వచ్చిందని 2020లో తేలింది. నొప్పి నిజమే, దానికి కారణం చాలాసార్లు ఖౌఫ్!

ఖర్చు సంగతి కూడా మన తారీఖే. 1970 పేటెంట్ చట్టం వల్లే మన కంపెనీలు ఇలాంటి దవాలు సస్తాగా చేయడం నేర్చుకున్నాయి. 2006లో అమెరికాలో మెర్క్ సిమ్వాస్టాటిన్ పేటెంట్ ముగిసినప్పుడు, మెర్క్ ఇజాజత్‌తోనే దాన్ని అక్కడ జెనరిక్‌గా అమ్మింది హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్.

రంజాన్‌లో ఎలా అని ఫుప్పీ అడిగింది. సిమ్వాస్టాటిన్ అయితే రాత్రి, ఇఫ్తార్ తర్వాత. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజూ ఒకే వేళకి అయితే చాలు, సహరీకైనా సరే. కడుపుతో ఉన్న బహూబేటీలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. "కుదరతీ దవా" అని అమ్మే ఎర్ర ఈస్టు బియ్యం పొడిలో ఉండేదీ లోవాస్టాటినే. గోలీతో పాటు అదీ తింటే డోసు పెరుగుతుంది.

ఇప్పుడు ఫుప్పీ డబ్బా మూత లోపల ఒక చీటీ అంటించి ఉంది. మూడు గోలీల పేర్లు, డోసులు నా రాత. కింద ఉర్దూలో ఫుప్పీ రాసుకున్న లైను: ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఈ డబ్బా తీసుకుపోవాలి.