అవ్వ నడిచిన చుట్టు: హొగేనక్కల్ లోయలో మూడు భాషలు

మా అవ్వకు నడక అంటే ఒకటే నడక. ఆడి నెల పద్దెనిమిదికి ముందురోజు తెల్లారకముందే ఆడవాళ్లంతా చద్దిమూటలు కట్టుకొని పెన్నాగరంలో బయల్దేరతారు. అడవి కనుమ దిగి హొగేనక్కల్ చేరి, రాత్రి ఏటి ఒడ్డునే పండుకుంటారు. పొద్దున్నే కావేరిలో మునిగి, పసుపు కుంకుమలు నీళ్లకిచ్చి, తిరిగొచ్చేటప్పుడు చిన్నారు ఏటి గట్టు పట్టుకొని ఇంకో దోవన పైకెక్కుతారు. "పోయిన దోవన రాకూడదురా, ఏరు కోపగించుకుంటాది" అనేది అవ్వ. ఆ మాట విన్నాం గానీ ఆ నడక మాకు దక్కలేదు. మా చదువంతా కర్ణాటకలో, కన్నడ మీడియంలో. సెలవలకు మాత్రమే ధర్మపురి.

ఆ చుట్టు మళ్లీ గుర్తుకొచ్చింది 2016 సెప్టెంబరులో. కావేరి నీళ్ల తగువు ముదిరి బెంగళూరులో తమిళనాడు నంబరు బళ్లు తగలబెట్టిన రోజులవి. మా బండి టీఎన్ 29, అంటే ధర్మపురిది. దానిమీద గోనెపట్టా కప్పి, వారం రోజులు బయటికి తియ్యలేదు. పనిచేసే చోట పక్క సీటాయన నవ్వుతానే అడిగినాడు, "మీరు ఏ పక్క?" అని. ఆయనతో మేము మాట్లాడేది కన్నడం, మా చిరునామా తమిళనాడు, ఇంట్లో తెలుగు. నోట జవాబు రాలేదు. సాఫ్టువేరు టెస్టింగు చేసేవాళ్లం, ఏ మాటనైనా నడిపించి చూడందే నమ్మం. సరే, ఆ లోయనే ఒకసారి నడిచి చూద్దామనుకున్నాం. అనుకున్నాక కూడా ఏళ్లు గడిచిపోయినాయి.

పోయేసరికి అడవి మారింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవిలో 686 చదరపు కిలోమీటర్లను కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అవతల కర్ణాటక పక్క కావేరి అభయారణ్యం 1987 నుంచే ఉంది. ఏనుగులు తిరిగే దోవలివి, అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. కాబట్టి మా చుట్టు చిన్నదైంది. బస్సు దిగి చిన్నారు గట్టు, అక్కణ్ణించి దేశనాథేశ్వరుని గుడి, వేలాడే వంతెన, పుట్టిల రేవు, మళ్లీ చిన్నారు దగ్గరికి. నిదానంగా నడిస్తే ఒక పూట.

ఈ చిన్న చుట్టులో మాకు ముందు ఎదురైనవి పేర్లు. హొగేనక్కల్ అంటే కన్నడంలో పొగ రాయి. నీళ్లు బండల మీద పడి లేచే తుంపర దూరానికి పొగ మాదిరే ఉంటుంది. మనం పొగ అన్నదాన్నే తమిళులు పుగై అంటారు. కన్నడంలో పాత పకారం హకారమైంది, పొగె కాస్తా హొగె అయింది. కావేరిలో కలిసే చిన్నారు పేరు తమిళం, చిన్న ఏరు. అది పంచపల్లి మీదుగా దిగొస్తుంది. ఇక హొగేనక్కల్‌కు ఎగువన కావేరి గట్టున బిలిగుండ్లు. బిలి అంటే కన్నడంలో తెలుపు, గుండ్లు అంటే మనకు తెలిసిన గుండ్లే. కనీసం మా చెవికి అట్లే వినిపిస్తుంది.

ఆ బిలిగుండ్లులోనే కేంద్ర జలసంఘం కావేరి నీళ్లను కొలుస్తుంది. తమిళనాడుకు ఏడాదికి 192 టీఎంసీలు వదలాలని 2007లో ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని 177.25కి తగ్గించింది. మా బండికి గోనెపట్టా కప్పించిన తగువు అంతా ఈ లెక్క చుట్టే.

రేవులో గుండ్రటి వెదురు పడవను తమిళంలో పరిసల్ అంటారు, కన్నడంలో హరిగోలు, కృష్ణా తుంగభద్రల దగ్గర మనవాళ్లు పుట్టి అంటారు. మమ్మల్ని ఎక్కించుకున్నాయన తమిళంలో బేరమాడి, కన్నడంలో తెడ్డు అబ్బాయిని పిలిచి, మా ఇంట్లోవాళ్ల మాటలు విని "తెలుగువాళ్లా" అని నవ్వినాడు. ఆయన మమ్మల్ని ఏ పక్క అని అడగలేదు.

సాయంత్రం ధర్మపురికి తిరిగొచ్చి కోట గుళ్లకు పోయినాం. ఈ ఊరి పాత పేరు తగడూరు, సంగం కాలపు అదియమాన్ రాజధాని. తొమ్మిదో శతాబ్దికి ఇక్కడ నొళంబుల ఏలుబడి. ధర్మపురిలో దొరికిన నొళంబ మహేంద్రుని శాసనాలు కన్నడంలో ఉన్నాయి, ఒకదాని కాలం క్రీ.శ. 893. ఆ రాజుల రాజధాని హేమావతి. ఈనాటి ఆంధ్రప్రదేశ్‌లో, మడకశిర దగ్గర ఉండాది. తమిళ ఊరు, కన్నడ శాసనం, రాజధాని తెలుగు రాష్ట్రంలో. మా ఇంటి సంగతే వెయ్యేళ్ల కిందట రాతికెక్కించినట్టు అనిపించింది. తర్వాత విజయనగర కాలంలో, నాయకుల కాలంలో తెలుగువాళ్లు విడతలు విడతలుగా ఈ సీమకు వచ్చినారు.

ఇంకొకాయన నడక కూడా చెప్పాలి. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాను బారామహల్ సీమను కంపెనీకి వదిలినాడు. కొలతలు వేసి శిస్తు కట్టడానికి వచ్చిన కెప్టెన్ రీడ్ కింద పనిచేసినవాడు థామస్ మన్రో. 1799 వరకు ఈ సీమలోనే ఉన్నాడు, ధర్మపురిలో కాపురమున్నాడు. రైతు పేరునే నేరుగా పట్టా రాసే రైతువారీ పద్ధతికి ఇక్కడి పొలాల్లోనే మొదలు పడింది. ఇక్కణ్ణించి కన్నడ సీమకు, 1800లో దత్తమండలాలకు, అంటే బళ్లారి, అనంతపురం, కడప పక్కకు పోయినాడు. చివరికి గవర్నరుగా ఉండగా 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో పోయినాడు. తమిళ ఊళ్లో మొదలై, కన్నడ సీమ మీదుగా, తెలుగు సీమలో ముగిసింది ఆయన దోవ. మన రాయలసీమ పెద్దలు మండ్రోలయ్య అని పిల్లలకు పేరు పెట్టుకున్నది ఈయన్ను తలుచుకొనే.

ఇప్పుడెవరన్నా "మీరు ఏ పక్క" అంటే మేము జవాబు చెప్పగలం. మేము చిన్నారు, కావేరి కలిసే చోటివాళ్లం. ఆ నీళ్లు ఇక్కడికి వచ్చేసరికే రెండు ఏళ్ల నీళ్లు, వాటిని విడదీసి ఇది ఫలానా వాళ్లదని చూపించలేం. నీళ్లు పంచుకోవాల్సిందే, లెక్క ఉండాల్సిందే. మనుషుల్ని మాత్రం ఆ లెక్కలో వెయ్యకూడదు.

ఒకటి మాత్రం మిగిలిపోయింది. అవ్వ దిగిన కనుమ ఇప్పుడు బస్సు దోవ. ఆమె ఎక్కొచ్చిన చిన్నారు దోవ మాకు తెలియదు. నడుమ ఒక చెలమ దగ్గర కూర్చొని చద్ది తినేవాళ్లమని చెప్పేది, ఆ చెలమకు ఒక పేరు చెప్పేది. మేమప్పుడు సరిగ్గా వినలేదు. అవ్వ పోయింది. ఆమెతో నడిచినవాళ్లు మన చుట్టాల్లో ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలు ఉన్నారు. వాళ్లింటికి పోయే పిల్లలు ఆ పేరు ఒక్కటి అడిగి రాసుకొని రండి. ఏ భాషలో చెప్పినా సరే, చెప్పింది చెప్పినట్టే రాయండి.