అరకు కొండలు, వాని పటములు

విశాఖపట్టణపు మైదానమునుండి చూచువారికి తూర్పు కనుమలు నీలిగోడవలె గనబడును. ఆ గోడ వెనుకనున్న మన్యమును కాగితముపైకి దించుట సర్వేవారికి సులభముగ చేకూరిన పని కాదు. 1802లో మద్రాసు చెంత లాంబ్టను ఆరంభించిన త్రికోణమితి సర్వే అడవుల కడకు వచ్చుసరికి జ్వరములు అడ్డుతగిలెను. ఎవరి పేర హిమాలయ శిఖర మొకటి వెలయుచున్నదో ఆ జార్జి ఎవరెస్టే కృష్ణా గోదావరుల నడిమి యడవులలో 1819లో జబ్బుపడి, ఆరోగ్యార్థము ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసివచ్చెను.

నాలుగు మైళ్లకొక అంగుళము చొప్పున గీచిన పాత అట్లాసులో కొండలు గొంగళిపురుగుల రోమములవలె సన్నని గీతలతో నిండియుండును. సమోన్నతి రేఖలతో, మైలుకొక అంగుళము చొప్పున రంగుల పటములు వచ్చినది ఇరువదవ శతాబ్దములోనే. ఆ వరుసలో అరకు 65 జె పటమునను, కొలది క్రోసుల దూరమందలి బొర్రా 65 ఎన్ పటమునను పడినవి. 83వ రేఖాంశము ఒకే కొండవరుసను రెండు కాగితములకు పంచిపెట్టినది.

భూగర్భ సర్వేశాఖ 1851లో ఏర్పడెను. ఆ శాఖకు చెందిన విలియం కింగు 1886లో విశాఖపట్టణ మండలపు శిలలను వర్ణించి ప్రకటించెను. బొర్రాగుహలను ఈయనయే 1807లో "కనుగొనె" నని యాత్రికుల పుస్తకములు నేటికిని వ్రాయుచున్నవి. శాఖ పుట్టుటకు నలువదినాలుగేండ్ల ముందే ఆ శాఖోద్యోగి గుహను జొచ్చుట యెట్లో మాకు బోధపడదు! తేదీ మాట యటుండనిండు. గుహలో పడిన ఆవును వెదకబోయి లింగమును గాంచితిమని చెప్పుకొను కొండవారు, ఆ గుహగుండ ప్రవహించు ఏటిని గోస్తని యని పిలుచువారు, దొర వచ్చువరకు దానిని కనుగొనలేదా?

శిలల పేర్ల చరిత్ర యింతకంటె విచిత్రము. మద్రాసు చెంతగల పల్లావరపు రాతికి హాలండు దొర చార్నకైటని పేరుపెట్టెను. కలకత్తాలో జాబ్ చార్నకు అను కుంపిణీ వర్తకుని సమాధిపై పరచినది ఆ రాయియేనట. కలహండి సంస్థానపు శిలలను పరిశీలించిన వాకరు 1902లో మరియొక శిలకు ఖోండలైటని పేరిడెను. ఇది ఆ కొండలలో కాపురముండు ఖోండుల పేరు. కోణార్క దేవాలయము కట్టినది ఈ రాతితోడనే. సమాధిరాతికంటె బ్రదికియున్న జనుల పేరు మేలని మా యభిప్రాయము. కాని యీ గౌరవము ఆ జనులకు తెలియనే తెలియదు.

ఈ ఖోండలైటు యుగయుగముల వానలకు కరగి, కొండల నెత్తములపై అల్యూమినియమునకు మూలమైన బాక్సైటుగ మారును. గాలికొండ, రక్తకొండ లిట్టివి. 1970 దశకమునుండి వీని నిధులను లెక్కవేసి పటములపై గుర్తించిరి. శాస్త్రజ్ఞునికి శిలాభేదమును దెల్పు రంగు, గనులవారికి సొమ్మున్న చోటును జూపును. పోడుచేసికొని బ్రదుకువానికి ఆ పటము చదువ రాదు. వానికి దానిని చూపినవారును లేరు.

బొర్రా పరిసరములందలి 14 గ్రామములకు ఇదియే అనుభవమునకు వచ్చినది. అచ్చటి కాల్సైటు త్రవ్వుటకు ప్రభుత్వము గిరిజనేతరులకు కౌళ్లిచ్చెను. సమత యను సంస్థ వ్యాజ్యమునకు దిగెను. 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతములందు ప్రభుత్వ భూమిని సైతము అట్లు గనులకై ఇచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. ఏ పటమును చూచి కౌలుదార్లు వచ్చిరో ఆ పటముపై ఇండ్లు ఎఱ్ఱని చుక్కలుగనైన నుండును. ఆ ఇండ్లవారి హక్కునకు మాత్రము గుర్తు లేదు.

2005లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పటవిధానము పిమ్మట ప్రజల వాడుకకై ప్రత్యేక పటములు వెలువడుచున్నవి. వానిలో ఆయా యూళ్లకు సంబంధించినవానిని, తెలుగు పేర్లతో, అనంతగిరి, అరకు మండలముల బడిగోడలకు తగిలింపవలెనని మా కోరిక. పిల్లలు తమ వాగును, తమ మిట్టను వ్రేలితో చూపగలరు. వానిప్రక్కనే ఖనిజముల పటమును గూడ నుంచవలెను.