ఉత్తర తెలంగాణలో ప్రభుత్వ ఇంజనీరింగు విద్య

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో ప్రభుత్వ ఇంజనీరింగు విద్యకు రెండు వేర్వేరు మార్గాలు ఉన్నాయి.

'''జగిత్యాల''': జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల 2007లో కొండగట్టు సమీపాన నాచుపల్లిలో స్థాపించబడినది. ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి నాలుగేళ్ళ బి.టెక్.లో సీటు లభిస్తుంది.

'''బాసర''': రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ట్రిపుల్ ఐటీ) 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు ఏర్పాటు చేయబడినది. పదవ తరగతి ఫలితాల ఆధారంగా ఆరేళ్ళ సమీకృత కోర్సులో ప్రవేశం కల్పిస్తారు. కోచింగు ఖర్చు భరించలేని కుటుంబాలకు ఇది ముఖ్యమైన అవకాశం. అయితే పదిహేనేళ్ళ వయసులోనే ఇంజనీరింగును ఎంచుకోవలసి ఉంటుంది. సౌకర్యాలు, అధ్యాపకుల నియామకాల కొరకు 2022 జూన్‌లో ఇక్కడి విద్యార్థులు ఆందోళన చేశారు.

'''ఉపాధి''': సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు ఇరు సంస్థల పట్టభద్రులూ ప్రధానంగా హైదరాబాదుకే వెళ్ళవలసి వస్తుంది. గేట్ పరీక్ష ద్వారా ఎం.టెక్., ప్రభుత్వరంగ ఉద్యోగాలకు ఇరువురికీ సమాన అర్హత ఉన్నది.